ఇంటి 360 డిగ్రీల టూర్‌లో తలుపులు విరిగినట్లు కనిపిస్తున్నాయి

ప్రశ్న: అమ్మకానికి ఉన్న ఇంటిని ఆన్‌లైన్‌లో చూపించడానికి పనోరమా ఫొటోలు (చుట్టూ తీసిన ఫొటోలను అతికించి చేసేవి) తీస్తున్నాను. దగ్గరలో ఉన్న తలుపు చట్రాలు అతుకుల వద్ద విరిగినట్లు వస్తున్నాయి, కిటికీలు తెల్లగా వెలిసిపోతున్నాయి. ఏం చేయాలి?

జవాబు 1: కెమెరా తన ట్రైపాడ్ స్క్రూ చుట్టూ కాకుండా, లెన్స్‌లోకి కాంతి ప్రవేశించే బిందువు చుట్టూ తిరగాలి, లేకపోతే దగ్గరి వస్తువులు వెనక గోడతో పోలిస్తే పక్కకు జరిగి, సాఫ్ట్‌వేర్ ఎంత ప్రయత్నించినా సరిగ్గా అతకవు. కెమెరాను ఆ బిందువు చుట్టూ తిప్పేలా ట్రైపాడ్‌పై బిగించే పరికరం, అంటే పనోరమా హెడ్ వాడండి.

జవాబు 2: కిటికీల కోసం వేర్వేరు ఎక్స్‌పోజర్లతో (వెలుతురు స్థాయిలతో) 3 ఫొటోలు తీసి కలపండి. వైట్ బ్యాలెన్స్‌ను (రంగుల ఛాయను సరిచేసే సెట్టింగ్‌ను) మాత్రం ఆటోలో వదలకండి.

జవాబు 3: వైడ్ లెన్స్‌లో గదులు ఉన్నదానికంటే పెద్దవిగా కనిపిస్తాయి. కొనేవారు మోసపోకూడదు కనుక, కొలతలున్న ఇంటి ప్లాన్‌ను టూర్‌కు తప్పకుండా జతచేయండి.