లెక్కలంటే బెదురు పోయేదెలా?

ప్రశ్న: ఆఫీసులో బడ్జెట్ పట్టిక తెరవగానే నా చేతులు చల్లబడతాయి. ఏడో తరగతిలో భిన్నాల దగ్గర తడబడినప్పుడు పడిన ముద్ర: లెక్కలు నా తలకెక్కవని. పదోన్నతికి ఇప్పుడు ఆ పనే రావాలి. పక్కవారికి అప్పగించి నెట్టుకొస్తున్నాను. ఏం చేయాలి?

జవాబు: అద్దం ముందు "నా వల్ల అవుతుంది" అని వల్లించడం మీద నాకు గురి లేదు. స్వయంగా చేసి సాధించిన అనుభవమే ఆత్మవిశ్వాసానికి అన్నిటికన్నా బలమైన ఆధారమని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే చెప్పారు. ఇతరుల ప్రోత్సాహం దాని తర్వాతే. ముందు ఒక్క వరుస మీరే కూడండి, తర్వాత శాతాలు. అప్పగించిన ప్రతిసారీ పాత ముద్రే గట్టిపడుతుంది.

మరో జవాబు: చేతులు చల్లబడటం కంగారే, చేతకానితనం కాదు. నేనైతే ముందు పెన్సిలుతో అంచనా రాసుకుని, ఆపైన పట్టిక చూస్తాను.

అడిగినవారు: శాతాలంటేనే భయం మరి! సరే, రేపు ప్రయాణ ఖర్చుల వరుస ఎవరికీ ఇవ్వను.