కరణ్ సింగ్ గురించి తెలుగులో ఏం చదవాలి?

అందరికీ నమస్కారం. జమ్మూ కశ్మీర్ ఒకప్పటి యువరాజు కరణ్ సింగ్ గురించి మా కాలేజీలో మాట్లాడాలి. 1949లో పద్దెనిమిదేళ్లకే తండ్రి మహారాజా హరిసింగ్ స్థానంలో రీజెంట్ (రాజు తరఫున పాలించే ప్రతినిధి) అయ్యారు. 1967లో ఇందిరాగాంధీ కేబినెట్‌లో మంత్రి, 1989లో అమెరికాలో మన రాయబారి.

నన్ను బాగా పట్టేసింది మాత్రం 1952 నాటి ఘట్టం. వంశపారంపర్య పాలన రద్దయింది. దాని స్థానంలో వచ్చిన సదర్-ఎ-రియాసత్ (రాష్ట్రాధినేత) పదవికి ఆ రాష్ట్ర రాజ్యాంగ సభ ఎన్నుకున్నది ఆ రాజుగారి కొడుకునే! అప్పటికి ఆయనకు ఇరవై ఒక్క ఏళ్లు.

దీనిపై వివరంగా రాసిన తెలుగు పుస్తకాలుగానీ, పాత పత్రికల వ్యాసాలుగానీ ఉంటే దయచేసి చెప్పండి. జమ్మూలో ఆయన కుటుంబ పాత ప్యాలెస్ అయిన అమర్ మహల్ మ్యూజియం లైబ్రరీకి వెళ్లినవాళ్లెవరైనా ఉన్నారా? బయటి విద్యార్థుల్ని కూర్చుని చదువుకోనిస్తారా? ముందుగా అనుమతి తీసుకోవాలా?