ఫైటర్ గూటిలో పిల్లలు వచ్చాయి, మొదటి వారం మేత ఏమిటి?

రెండో అంతస్తు (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా ఫైటర్ (బెట్టా) చేపల జంట మొన్న గుడ్లు పెట్టింది. ఈ ఉదయం చూస్తే నురగ గూటి కింద పిల్లలు తోకలు కిందికి వేలాడేసుకుని ఉన్నాయి. ఏదైనా జారి అడుగుకు పడితే మగ చేప నోటితో అందుకుని మళ్ళీ గూటిలో పెడుతోంది. ఆడ చేపను అప్పుడే వేరు చేశాను. టబ్బు 20 లీటర్లది, నీళ్ళు జానెడు లోతు కూడా లేవు, స్పాంజ్ ఫిల్టర్ సన్నగా బుడగలు వదులుతోంది. చేపల దుకాణంలో అడిగితే ఉడికిన గుడ్డు పచ్చసొనను నీళ్ళలో కలిపి పోయమన్నారు. ఇప్పుడే పోయాలా? ఇంతకంటే మంచి మేత ఉందా? ఇంత చిన్న ప్రాణులు ఆకలితో పోతాయేమోనని కంగారుగా ఉంది.

నీటిమొక్క (సికింద్రాబాద్)

ఇప్పుడు ఏమీ వేయకండి. తోక కిందికి వేలాడుతున్నంత కాలం పిల్ల పొట్ట కింద సొన సంచి ఉంటుంది. దాని ఆహారం అదే. ఈ దశలో వేసిన మేత తినే నోరు లేక అడుగున కుళ్ళుతుంది. గుడ్డు పగిలిన రెండు మూడు రోజులకు సొన కరిగిపోయి పిల్లలు అడ్డంగా ఈదడం మొదలుపెడతాయి. మేత మొదలుపెట్టాల్సింది ఆ రోజు. మగ చేపను తీసేయాల్సిందీ ఆ రోజే, ఎందుకంటే గూడు వదిలి తిరిగే పిల్లలను అది తినేసే ప్రమాదం ఉంది.

ఈలోగా మీరు మేతను సిద్ధం చేసుకోవాలి. అసలు జంటను కలపడానికి ముందే ఈ పని మొదలవ్వాలని నేను అందరికీ చెబుతుంటాను. మీ దగ్గర పాత అక్వేరియం ఏదైనా ఉందా?

రెండో అంతస్తు

ఉందండీ. గప్పీల ట్యాంకు, ఏడాది దాటింది. జావా మాస్ అనే నీటి నాచు గుబురుగా పెరిగింది.

నీటిమొక్క

అయితే సగం పని అయిపోయినట్టే. ఆ మాస్‌ను ఒక గిన్నెడు పాత ట్యాంకు నీళ్ళలో గట్టిగా పిండండి. గోధుమ రంగు మడ్డి దిగుతుంది. అందులో పారమీషియం వంటి సూక్ష్మజీవులు ఉంటాయి. చేపలు పెంచేవాళ్ళు వీటన్నిటినీ కలిపి ఇన్ఫ్యూసోరియా అంటారు. మిల్లీమీటరులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉండే ఈ జీవులు ఎంత చిన్న నోటికైనా పడతాయి. పిండే ముందు అందులో గప్పీ పిల్లలు, తూనీగ పురుగులు లేకుండా చూసుకోండి.

ఆ మడ్డి నీళ్ళను గాజు సీసాలో పోసి, ఉడికించిన క్యాబేజీ ఆకు ముక్క ఒకటి బొటనవేలి గోరంత వేయండి. ఎండిపోయి రాలిన నాటు బాదం ఆకు ముక్క కూడా పనికొస్తుంది. దోమలు గుడ్లు పెట్టకుండా మూతికి పలుచని గుడ్డ కట్టి, నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచండి. రెండో రోజుకు నీళ్ళు పాలలా తెల్లబడి వాసన వస్తాయి. అవి బ్యాక్టీరియా, ఆ నీళ్ళు పోయవద్దు. ఇంకో మూడు నాలుగు రోజులకు ఆ బ్యాక్టీరియాను తిని ఇన్ఫ్యూసోరియా పెరుగుతుంది, నీళ్ళు తేటబడతాయి, వాసన తగ్గుతుంది. సీసా వెనుక ఫోను టార్చి వెలిగించి చూస్తే తెల్లని ధూళి లాంటిది తనంతట తాను కదులుతూ కనిపిస్తుంది. అప్పుడు సిరంజితో తీసి, పూటకు కొన్ని మిల్లీలీటర్లు పోయండి. ఒక సీసా అయిపోయేలోగా రెండోది తయారయ్యేలా ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకోవాలి.

మీకు అంత సమయం లేదు కాబట్టి కడిగిన మాస్ గుత్తి ఒకటి ఇప్పుడే టబ్బులో వేయండి. మొదటి రెండు రోజులు పిల్లలు దానిమీదే ఏరుకుని తింటాయి.

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

నీటిమొక్క గారు చెప్పిందంతా నిజమే. కానీ గుడ్డు సొనను పూర్తిగా కొట్టిపారేయకండి. మా ఇంట్లో సిమెంటు తొట్టెల్లో గోల్డ్ ఫిష్ పిల్లలను దానితోనే పెంచాం. పిల్లలు పెరిగాయి. ఎలా ఇవ్వాలన్నదే అసలు సంగతి. గట్టిగా ఉడికిన పచ్చసొనలో శనగగింజంత తీసుకుని, పలుచని నేత గుడ్డలో మూటగట్టి, గ్లాసుడు నీళ్ళలో పిండాలి. ఆ పచ్చని నీళ్ళలోంచి కొన్ని చుక్కలు మాత్రమే తొట్టెలో పడాలి. మిగతావి పారబోయాలి. అరగంట తర్వాత అడుగున మిగిలింది గొట్టంతో లాగేయాలి.

నీటిమొక్క

సిమెంటు తొట్టెలో వందల లీటర్ల నీళ్ళు, గోడలకు పాచి, దానిలో జీవులు ఉంటాయి. సొన కాస్త ఎక్కువైనా ఆ తొట్టె తట్టుకుంటుంది. 20 లీటర్ల టబ్బులో జానెడు నీళ్ళు తట్టుకోలేవండీ. పైగా ఫైటర్ పిల్ల కదిలే ఎరకే స్పందిస్తుంది. సొన రేణువు కదలదు, కిందికి దిగిపోతుంది. మన ఎండల్లో అది కొన్ని గంటల్లో కుళ్ళి అమ్మోనియా పెరుగుతుంది. మీ అనుభవం మీద నాకు గౌరవమే, కానీ ఈ టబ్బుకు నేను సొన సలహా ఇవ్వలేను.

గోదావరి గట్టు

ఫైటర్ విషయంలో ఒప్పుకుంటున్నాను. గోల్డ్ ఫిష్ పిల్ల అడుగున కూడా వెతుక్కుని తింటుంది, ఆ తేడా ఉంది. ఇంకేమీ దొరకని పరిస్థితిలో ఆఖరి మార్గంగానైనా గుర్తుపెట్టుకోమని నా మాట.

ఉప్పునీళ్ళు (భీమిలి)

నేను వెనామీ రొయ్యల హ్యాచరీలో పనిచేస్తాను. ఆర్టీమియా అంటే ఉప్పునీళ్ళలో బతికే రొయ్యలాంటి చిన్న జీవి, దాని గుడ్లు కొని పొదిగిస్తాం. మాకు అది రోజూ చేసే పని కాబట్టి దాని గురించి వివరంగా రాస్తాను. అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్ల దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది. ఏంజెల్ చేప పిల్లలు ఈదడం మొదలుపెట్టిన రోజు నుంచే దాన్ని మింగగలవు. ఫైటర్ పిల్లల్లో పెద్దవి మొదటి రోజే తింటాయి, చిన్నవాటికి మూడు నాలుగు రోజులు పడుతుంది. అందుకే ఆ కాస్త సమయం ఇన్ఫ్యూసోరియా, ఆర్టీమియా రెండూ ఇస్తే ఏ పిల్లా వెనకబడదు.

ఇంట్లో పొదిగించడానికి లీటరు ప్లాస్టిక్ సీసా అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టండి. లీటరు నీళ్ళకు అయోడిన్ కలపని రాళ్ళ ఉప్పు 25 నుంచి 30 గ్రాములు వేయండి. కొళాయి నీళ్ళయితే ముందురోజే పట్టి ఉంచండి, క్లోరిన్ పోతుంది. చిటికెడు వంట సోడా వేస్తే మంచిది, పొదగడానికి నీళ్ళు కాస్త క్షార గుణంతో ఉండాలి. ఎయిర్ పంపు గొట్టం మూత దగ్గరదాకా దించి, గుడ్లు ఒక్కచోట పేరుకోకుండా గట్టిగా గాలి పెట్టండి. పక్కన దీపం ఉండాలి. ఒక గూటి పిల్లలకు పావు చెంచా గుడ్లు ఎక్కువే. 28 డిగ్రీల దగ్గర 24 గంటల్లో పొదుగుతాయి. చలికాలం హైదరాబాదులో ఒకటిన్నర రోజు పట్టవచ్చు.

తీసేటప్పుడే ఎక్కువమంది ఇబ్బంది పడతారు. గాలి ఆపి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. ఖాళీ డొల్లలు పైకి తేలుతాయి, పొదగని గుడ్లు అట్టడుగుకు చేరతాయి, వాటికి కాస్త పైన నారింజ రంగు మబ్బులా కదిలేవి పిల్లలు. అవి వెలుతురు వైపు వస్తాయి, కాబట్టి సీసా పైభాగం నల్లగుడ్డతో కప్పి, కింద టార్చి పెట్టండి. సన్న గొట్టంతో ఆ మబ్బును మాత్రమే లాగండి. డొల్లలు చేప పిల్లల పొట్టలో చేరితే అరగవు, దారి మూసుకుపోతుంది. లాగినదాన్ని దగ్గరి నేత జేబురుమాలులో వడకట్టి, మంచినీళ్ళతో కడిగి ఇవ్వాలి. ఉప్పునీళ్ళు టబ్బులోకి పోకూడదు.

ఇంకో సంగతి. పొదిగిన ఆర్టీమియా మొదటి కొన్ని గంటలు తన సొన మీదే బతుకుతుంది. మన చేప పిల్లకు బలం ఇచ్చేది ఆ సొనే. సీసాలో సాయంత్రం దాకా అలాగే వదిలేస్తే సత్తువ తగ్గిపోతుంది. తీసిన వెంటనే ఒక పూటకు సరిపడా ఇచ్చి, మిగిలింది కొద్ది ఉప్పునీళ్ళలో ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటిలోగా వాడండి.

గుడ్లు కొనేటప్పుడు పొట్లం కట్టినవాటికంటే మూసిన టిన్ను తెరిచి తూచి ఇచ్చేవి మేలు. గాలిలో తేమ తగిలితే పొదిగే శాతం పడిపోతుంది. అమెరికాలోని యూటాలో ఉన్న గ్రేట్ సాల్ట్ లేక్ గుడ్లకు మంచి పేరుంది.

రెండో అంతస్తు

ఎంత వేస్తే సరిపోతుందో ఎలా తెలుస్తుంది సార్? పిల్లలు కంటికి ఆనడమే కష్టంగా ఉంది.

ఉప్పునీళ్ళు

పొట్ట చూడండి. పిల్ల ఒళ్ళు పారదర్శకంగా ఉంటుంది. మేత వేసిన పావుగంటకు పక్క నుంచి టార్చి వేసి భూతద్దంలో చూస్తే, తిన్న పిల్ల పొట్ట గుండ్రంగా, స్పష్టమైన నారింజ రంగులో కనిపిస్తుంది. తిననిదానికి పొట్ట లోపలికి నొక్కుకుని ఉంటుంది, తల మాత్రం పెద్దగా కనిపిస్తుంది. ఎక్కువ పిల్లలకు నారింజ పొట్ట ఉండి, నీళ్ళలో ఇంకా ఎర్రని చుక్కలు మిగిలి తిరుగుతుంటే వేసింది ఎక్కువైనట్టు. మంచినీళ్ళలో ఆర్టీమియా కొన్ని గంటలే బతుకుతుంది. ఆపైన చచ్చి నీటిని చెడగొడుతుంది. రోజుకు మూడుసార్లు, కొంచెం కొంచెంగా ఇవ్వండి.

కొల్లేటి కొంగ (కైకలూరు)

మాది కార్పు చేపల హ్యాచరీ. మా దగ్గర పద్ధతి ఒకటి చెప్పాలనిపించింది. బొచ్చె, రోహు గుడ్లు ఒక్కరోజు గడవకముందే పగులుతాయి, మూడో రోజుకు సొన అయిపోతుంది. అప్పటిదాకా పిల్లకు ఏమీ పెట్టం. ఆ పిల్లను వదలబోయే నర్సరీ చెరువులో మాత్రం ముందే పేడ, నూనె గింజల చెక్క వేసి ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) పుట్టిస్తాం. గ్లాసుతో నీళ్ళు ఎత్తి వెలుతురుకు పెట్టి చూసి, అందులో జీవం కనిపిస్తేనే పిల్లను వదులుతాం. వేరుశనగ చెక్క, తవుడు సమపాళ్ళలో పొడి చేసి చల్లడం ఆ తర్వాత మాట. నీటిమొక్క గారు జంటను కలపకముందే మేత సిద్ధం చేయమన్నది అక్షరాలా సరైనది. లక్షల పిల్లల చెరువైనా, ఇంటి టబ్బైనా ఆకలి వేసే గంటకు మేత నీళ్ళలో ఉండాలి.

ఒక హెచ్చరిక. డాఫ్నియా, మోయినా అనే నీటి ఈగల కోసం చెరువు నీళ్ళు తెచ్చి నేరుగా టబ్బులో పోయకండి. తూనీగ పిల్లపురుగు, నీటి తేలు, సైక్లాప్స్ అన్నీ వస్తాయి. ఫైటర్ పిల్లలను ఇవి బతకనివ్వవు. మోయినాను వడకట్టి, వేరే తొట్టెలో విడిగా పెంచి, రెండు వారాలు దాటిన పిల్లలకు ఇవ్వండి. అంతకంటే మంచి మేత నాకు తెలియదు, తిన్నంత తిని మిగిలినవి నీళ్ళలోనే బతికి ఉంటాయి.

గప్పీ గంప (వరంగల్)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా గప్పీ నిన్న పిల్లలు పెట్టింది. వాటికీ ఆర్టీమియానే కావాలా?

నీటిమొక్క

అక్కర్లేదు. గప్పీ, మోలీ పిల్లలు పుట్టిన రోజే ఈదుతాయి, నోరు పెద్దది. మీరు వాడే ఫ్లేక్స్ మేతనే వేళ్ళ మధ్య మెత్తని పొడిగా నలిపి చిటికెడు వేయండి. తల్లికి దూరంగా ఉంచండి. ఆర్టీమియా ఉంటే వాటి ఎదుగుదల వేగంగా ఉంటుంది, అంతే.

రెండో అంతస్తు

అందరికీ ధన్యవాదాలు. పిల్లలు అడ్డంగా ఈదుతున్నాయి, మగ చేపను తీసేశాను. మాస్ వేసిన మూలకే ఎక్కువ పిల్లలు చేరుతున్నాయి. ఆర్టీమియా ఇవాళ మొదటిసారి పొదిగింది. చాలావాటికి నారింజ పొట్ట కనిపించింది! ఆ రంగు చూడగానే మా అమ్మను పిలిచి చూపించాను. కానీ టబ్బు గోడకు చిన్న తెల్లని కాడల్లాంటివి అంటుకుని ఉన్నాయి, పై కొసన దారాల్లాంటి చేతులు ఆడుతున్నాయి. ముట్టుకుంటే చుక్కలా ముడుచుకుపోతున్నాయి.

ఉప్పునీళ్ళు

హైడ్రా. మాస్‌తో వచ్చి ఉంటుంది. ఆర్టీమియా దానికీ ఇష్టమైన మేతే, అందుకే ఇప్పుడు పెరిగి కంటబడింది. ఈ వయసు పిల్లలను కూడా పట్టుకుంటుంది. వేలితో నలపకండి, ముక్క నుంచి మళ్ళీ పెరుగుతుంది. ఇంకో టబ్బు కడిగి, సగం ఈ నీళ్ళే పోసి, పిల్లలను చిన్న గిన్నెతో నీళ్ళతో సహా ముంచి మార్చండి. వల వాడవద్దు. మాస్ పాత టబ్బులోనే వదిలేయండి.

నీటిమొక్క

టబ్బు మార్చాక కొత్త నీళ్ళు ఒక్కసారిగా పోయకండి. అదే వేడిమి ఉన్న నీళ్ళను సన్న గొట్టంతో చుక్కలుగా దించండి. రోజూ పది శాతం మారిస్తే చాలు. అడుగున మడ్డి లాగేటప్పుడు తెల్లని గిన్నెలోకి లాగితే, దానితో వచ్చిన పిల్లలు కనిపిస్తాయి, వెనక్కి వేయవచ్చు. టబ్బు మీద మూత తప్పనిసరి. మూడో వారం నుంచి ఇవి పైకి వచ్చి గాలి పీల్చడం నేర్చుకుంటాయి. నీటి పైన గాలి వెచ్చగా, తేమగా ఉండాలి. నేరుగా ఫ్యాను గాలి తగలనివ్వవద్దు.

రెండో అంతస్తు

అలాగేనండీ, రేపు ఉదయమే మారుస్తాను. మా వీధిలో కరెంటు తరచుగా పోతోంది, ఆర్టీమియా సీసాకు గాలి ఆగిపోతే ఆ పూట మేత ఉండదు కదా? దానికేమిటి మార్గం?

పచ్చనీళ్ళు (గుంటూరు)

అందుకే నేను మైక్రోవార్మ్ అనే సన్నని పురుగులను కూడా పెట్టుకుంటాను. దానికి పంపు వద్దు, ఉప్పు వద్దు. ఓట్స్ గట్టి జావగా ఉడికించి, చల్లారాక మూత ఉన్న డబ్బాలో వేలి మందాన పరిచి, చిటికెడు ఈస్ట్ చల్లి, పాత కల్చర్ (పురుగులున్న జావ) ఒక చెంచా వేయాలి. మూతకు సూదితో రంధ్రాలు పెట్టాలి. వారంలోపు పురుగులు డబ్బా గోడల మీదికి పాకుతాయి. మెత్తని బ్రష్‌తో తుడిచి, నీళ్ళలో కలిపి ఇవ్వడమే. పొడవు మిల్లీమీటరు దాటినా దారం కంటే సన్నం కాబట్టి మొదటివారం పిల్లలు కూడా తింటాయి. అడుగుకు దిగుతాయి, కానీ చాలా గంటలు బతికే ఉంటాయి. అదొక్కటే మేతగా పెట్టకండి, ఆర్టీమియా అంత బలం దానిలో లేదు.

జావ పలుచబడి వాసన మారితే కొత్త డబ్బా వేసుకోవాలి. ఆదివారం నేను విజయవాడ వస్తున్నాను. మీకు కల్చర్ కావాలంటే నాకు సందేశం పెట్టండి. జావ మాత్రం ముందురోజే ఉడికించి సిద్ధంగా ఉంచుకోండి.