అరిగిపోయేదాకా విన్నవి, చూసినవి: నల్లగొండ, పాలమూరు వాళ్లు ఇటు రండి

కాల్వగట్టు (హాలియా)
ఇంటికి సున్నం వేయిద్దామని అటక ఖాళీ చేస్తుంటే నాన్న టేప్ రికార్డర్ బయటపడింది. పక్కనే బిస్కెట్ డబ్బాలో పదకొండు క్యాసెట్లు. పదింటి మీద కంపెనీ బొమ్మలున్నాయి: ఘంటసాల భగవద్గీత, అయ్యప్ప భజనలు, రెండు మూడు సినిమాలవి. పదకొండోది మాత్రం ఖాళీ క్యాసెట్ కొని నింపుకున్నది. దాని మీద నీలి సిరాతో నాన్న రాత: "లవకుశ. చెరపొద్దు."
నాన్న పోయి ఆరేళ్లయింది. అమ్మని అడిగితే "ఏమో బిడ్డా, సినిమా మాటలన్నీ నింపుకొచ్చేటోడు" అంది. మిషన్‌లో పెట్టి నొక్కితే కర్‌ర్ అని ఆగిపోయింది. భయమేసి తీసేశాను. దీన్ని బతికించే దారి ఎవరికైనా తెలిస్తే చెప్పండి. అట్లాగే మీ ఇళ్లలో అరిగిపోయేదాకా విన్నది, చూసింది ఏదో కూడా రాయండి. ఒక్కణ్ణే కూర్చుని గుర్తు చేసుకుంటుంటే మనసు నిలవట్లేదు.

కోదాడ మనవరాలు
లవకుశ అనగానే ఆగలేకపోయాను. మా అమ్మమ్మకి అది రామారావు సినిమా కాదు, అంజలీదేవి సినిమా కూడా కాదు, కాంతారావు సినిమా. లక్ష్మణుడు మావాడు అనేది. ఆయనది కోదాడ పక్క గుడిబండ మరి. సీతమ్మను అడవిలో దిగబెట్టి వచ్చే చోట అమ్మమ్మ ప్రతిసారీ ఏడ్చేది. అదీ సీత కోసం కాదు. "పాపం పిల్లగానికి ఎంత కష్టమొచ్చిందో" అని లక్ష్మణుడి కోసం!
1963లో వచ్చిన ఆ సినిమా తెలుగులో మొదటి పూర్తి రంగుల చిత్రం. అదే ఏడాది నర్తనశాలలో ఆయనే కృష్ణుడు. విఠలాచార్య సినిమాల్లో కత్తి పట్టి గుర్రమెక్కే రాజకుమారుడూ ఆయనే. సొంతంగా సినిమాలు తీసి ఆస్తి పోగొట్టుకున్నాడని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మామూలుగా ఎవరైనా ఆస్తి పోగొట్టుకుంటే మావాళ్లు ఎగతాళి చేస్తారు, ఆయన విషయంలో మాత్రం గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆ తేడా నాకు చిన్నప్పుడే తెలిసింది.

తుంగతుర్తి తమ్ముడు
అక్కా, మా ప్రభాకర్ రెడ్డిని మర్చిపోవద్దు. డాక్టరు చదివి సినిమాల్లోకి పోయినాయన. హైదరాబాద్‌లో సినీ కార్మికుల ఇళ్ల కోసం భూమి ఇచ్చిందీ ఆయనే.

పాలమూరు పాత టీవీ
మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. మా వాడకట్టుకంతా ఒకే టీవీ, అదీ బ్లాక్ అండ్ వైట్. ఆదివారం పొద్దున రామాయణం, అది అయిపోయాక 1988 అక్టోబర్ నుంచి మహాభారతం. అసలు ముచ్చట హిందీది.
మా తాత నిజాం కాలంలో ఉర్దూ మీడియం చదువుకున్నాడు. "హిందీ నాకు రాదారా, మీకు చెప్తా ఆగండి" అని ముందు కుర్చీలో కూర్చునేవాడు. తీరా మొదలైతే పితాశ్రీ, ఆర్యపుత్ర, ప్రతిజ్ఞ, ధర్మసంకట్. తాతకి సగం పడేది కాదు. వెనక గడప మీద కూర్చున్న నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. కానీ హరికథలు, భాగోతాలు విని విని సంస్కృతం మాటలన్నీ ఆమె నోట్లో నానినవే. చివరికి తాతకి ఆమే చెప్పేది. "ఉర్దూ చదివిన మొగోడు, ఇది సుత తెల్వదా" అని ఆదివారానికోసారి అనేది. తాత ముఖం చూడాలి అప్పుడు!
పెద్దయ్యాక తెలిసింది, ఆ మహాభారతం మాటలు రాసింది ఉర్దూ రచయిత రాహీ మాసూమ్ రజా అని. తాత బతికి ఉంటే ఈ ఒక్క ముక్క చెప్పి పరువు నిలబెట్టేవాణ్ణి.

దేవరకొండ రోడ్డు
ఉర్దూ తాత ముచ్చటకి రెండుసార్లు నవ్వాను.
మా ఊరికి డేరా టాకీసు వచ్చేది. ఒకటే ప్రొజెక్టర్ కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా ఆపి ఇంకోటి ఎక్కించేవాళ్లు. ఆ సందులో పల్లీలు, బీడీలు, కొట్లాటలు. మా నాన్నకి ఏ సినిమా కథ అడిగినా "మూడో ఆపుడు దాకా బాగుంటది" అనే లెక్కలోనే చెప్తాడు.

రిటైర్డ్ సార్ (నకిరేకల్)
కాంతారావు గారంటే మాకూ గౌరవమే. అయితే ఒక మాట. ఆయన తెర మీద మాట్లాడింది మన మాట కాదు. తెర మీద మన యాస ఎప్పుడు విన్నాం? ఎక్కువగా రౌడీ నోటనో, తాగుబోతు నోటనో, పనిమనిషి నోటనో. 1985లో ప్రతిఘటన వచ్చినప్పుడు కోట శ్రీనివాసరావు నటనకి హాలంతా ఊగిపోయింది. నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికి నడుస్తుంటే మాత్రం, హీరోయిన్ పుస్తకం భాషలో మాట్లాడుతుంటే విలన్ మా పెదనాయన లెక్క మాట్లాడుతున్నాడేమిటి అనిపించింది. ఆ ముల్లు చాలా ఏళ్లు గుచ్చుకుంది.

జడ్చర్ల టేప్ మెకానిక్
సార్, మీరు చెప్పింది నిజమే గానీ ఇంకో వైపు కూడా ఉంది. అప్పుడు నాకు పన్నెండేళ్లు. మా దోస్తులందరం ఆ విలన్ మాటలే అప్పజెప్పేవాళ్లం. హీరో మాటలు ఎవరికీ గుర్తు లేవు. విలనో ఎవరో, మన మాట అంత పెద్ద బొమ్మ నోట్లోంచి వస్తుంటే అదో కిక్కు.
కాల్వగట్టు అన్నకి క్యాసెట్ గురించి రాత్రి వివరంగా రాస్తా. దయచేసి అప్పటిదాకా మిషన్‌లో పెట్టకండి.

రిటైర్డ్ సార్ (నకిరేకల్)
పన్నెండేళ్లకి కిక్కే. నాకప్పుడు ముప్పై, బడిలో పిల్లలకి "అట్లా మాట్లాడొద్దు, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడు" అని చెప్పే ఉద్యోగం. బహుశా అందుకే గుచ్చుకుందేమో.

ఎర్రతువ్వాల
సార్, దానికి జవాబు మా భూమి. గౌతమ్ ఘోష్ తీశాడు, నిర్మాత బి. నర్సింగరావు. మన సాయుధ పోరాటం కథ. అందులో గద్దర్ గొంగడి కప్పుకుని తాను రాసిన బండెనక బండి కట్టి పాట పాడుతుంటే, మా హాస్టల్‌లో వీడియో వేసిన రోజు ఎవరూ కూర్చోలేదు, అందరూ నిలబడే చూశారు.

సుద్దాల దారి
చిన్న సవరణ. పాడింది గద్దర్, రాసింది గద్దర్ కాదు. అది పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట. అదే సినిమాలో పల్లెటూరి పిల్లగాడా పాట మా సుద్దాల హనుమంతు గారిది, పశువులు కాసే జీతగాడి మీద. మా నాన్న పదేళ్లకే జీతముండి బర్లు కాశాడు. ఆ పాట రేడియోలో వస్తే లేచి బయటికి పోయేవాడు. నచ్చక కాదు.

ఎర్రతువ్వాల
నిజమే, నాదే తప్పు. ఇన్నేళ్లూ గద్దర్ రాశాడనే అనుకుంటున్నా.

మిర్యాలగూడ మిల్లు
బి. నర్సింగరావు పేరు వచ్చింది కాబట్టి దాసి సంగతి. 1988 సినిమా, దొర గడీలో దాసి బతుకు. మాటలు చాలా తక్కువ. ఐదు జాతీయ అవార్డులొచ్చాయి. నటి అర్చనకి, కళకి తోట వైకుంఠం గారికి, కెమెరాకి, తెలుగు ఉత్తమ చిత్రంగా, ఇంకా దుస్తులకి. దుస్తులు చేసింది మా మిర్యాలగూడ సుదర్శన్ గారు. ఆ తర్వాత ఆయన పేరే దాసి సుదర్శన్ అయిపోయింది.
నిజం చెప్పాలంటే మొదటిసారి దూరదర్శన్‌లో చూసినప్పుడు నిద్రపోయాను. రెండోసారి మా అత్తతో కలిసి చూశాను. ఆమె చీర కట్టు చూసి "గిట్లనే, మా అమ్మ గిట్లనే దోపుకునేది" అని లేచి టీవీ దగ్గరికి పోయి నిలబడింది. అప్పుడు అర్థమైంది అవార్డు దేనికిచ్చారో.

నారాయణపేట బొంబాయి బస్సు
మీరంతా గొప్ప సినిమాలు చెప్తున్నారు. మాది వలస ఊరు. అమ్మానాన్న బొంబాయికి పనికి పోయేవాళ్లు. నేను చూసిన సినిమాలన్నీ వీడియో కోచ్‌లో చూసినవే. రాత్రి ఎక్కగానే ఒకటి వేస్తాడు, క్లైమాక్స్‌కి ముందు ధాబా దగ్గర ఆపుతాడు, తిని వచ్చేసరికి డ్రైవర్ నిద్రొస్తుందని పాటల క్యాసెట్ పెట్టేస్తాడు. నాకు సగం తెలుగు సినిమాల ముగింపులు తెలియవు! పెళ్లయ్యాక మా ఆయన ఒక్కొక్కటి వెతికి చూపించాడు. కొన్నిటికి ముగింపు లేకపోతేనే బాగుండేది.

అమృతం బ్యాచ్
నేను 1994 పుట్టుక, మీ అందరిలో చిన్నోణ్ణి. మాకు ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి జెమినీలో అమృతం. 2001 నవంబర్‌లో మొదలైంది. అమృతం వేషం మనుషులు మారారు గానీ గుండు హనుమంతరావు ఆంజనేలు, శివన్నారాయణ అప్పాజీ మారలేదు. టైటిల్ పాట సిరివెన్నెలది, బాణీ కల్యాణి మాలిక్‌ది. ఇప్పటికీ హాస్టల్ గ్రూపులో ఎవరి ఉద్యోగం పోయినా ఆ పాట పెడతారు. ఓదార్పు అంటే మాకదే.

రేడియో పెద్దమ్మ (వనపర్తి)
టీవీల ముందు రేడియో ఉండేది నాయనా. మధ్యాహ్నం సిలోన్ తెలుగు పాటలు, మీనాక్షి పొన్నుదురై గొంతు. హైదరాబాద్ కేంద్రం నుంచి కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం. బియ్యం చెరుగుతూ వినేదాన్ని, ఎన్నిసార్లు రాళ్లు అట్లనే అన్నంలోకి పోయాయో లెక్క లేదు.
యాస గురించి సార్ రాశారు కదా. మా దిక్కు గోరటి వెంకన్న పాట సినిమాలోకి పోయింది చూడు, కుబుసంలో పల్లె కన్నీరు పాట, అప్పుడు మా ఇంట్లో ఎవరూ యాస గురించి మాట్లాడనే లేదు. ఊరి గురించే మాట్లాడుకున్నారు. మా చేనేత మగ్గాలు, కుమ్మరి చక్రాలు.

జడ్చర్ల టేప్ మెకానిక్
కాల్వగట్టు అన్నా, మాటిచ్చినట్టు రాస్తున్నా. ముందు క్యాసెట్ కిటికీలోంచి లైటు వేసి చూడండి. టేపు అంచుల మీద తెల్ల పొడి లాగా ఉంటే బూజు. అది మిషన్‌లో పెడితే హెడ్‌కి అంటి మిగతా క్యాసెట్లకీ పాకుతుంది. బూజు లేకపోతే పెన్సిల్ పెట్టి మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరికి ఒకసారి తిప్పండి, ఏళ్ల తరబడి ఒకే తీరుగా ఉన్న చుట్టలు అతుక్కుని ఉంటాయి.
తర్వాత టేపు వెనక ఉండే చిన్న స్పాంజి ముక్క చూడండి. అది ఊడితే శబ్దం బావిలోంచి వచ్చినట్టు వస్తుంది. కర్‌ర్ అన్నది మాత్రం క్యాసెట్ కాదు, మీ మిషన్ బెల్టు అయ్యుంటుంది. పాత రబ్బరు తారు లెక్క కరిగిపోతుంది. కొత్త బెల్టు వేసి, హెడ్‌ని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, మొదట ఆ అయ్యప్ప భజన పెట్టి చూడండి. స్వామి ఏమీ అనుకోడు. అది సరిగ్గా పాడితేనే నాన్న క్యాసెట్.
ఇంకోటి, క్యాసెట్ వీపు మీద రెండు చిన్న ప్లాస్టిక్ పళ్లు ఉంటాయి. విరిచి ఉంటే దాని మీద మళ్లీ రికార్డు కాదు. లేకుంటే ఇప్పుడే విరిచేయండి. ఎర్ర బటన్ మీద పొరపాటున వేలు పడితే అంతే సంగతులు.

కాల్వగట్టు (హాలియా)
పళ్లు రెండూ ఎప్పుడో విరిచేసి ఉన్నాయి. ఇంత జాగ్రత్త నాన్న ఇంకే వస్తువు మీదా చూపించలేదు.

కాల్వగట్టు (హాలియా)
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా. నల్లగొండలో బెల్టు దొరకలేదు, హైదరాబాద్ నుంచి తెప్పించాను. భజన బాగానే పాడింది. తర్వాత అమ్మని, చెల్లెని కూర్చోబెట్టుకుని ఇది పెట్టాను.
ఇది సినిమా కాదు!
హార్మోనియం, మద్దెల, కుక్కల అరుపులు, పిల్లల ఏడుపు. మా ఊళ్లో ఆడిన చిందు భాగోతం, లవకుశ ఆట. నాన్న టేప్ రికార్డర్ తీసుకుపోయి జనం మధ్యలో పెట్టినట్టున్నాడు. ఎవరో దగ్గరలో చుట్ట కాలుస్తూ దగ్గుతూనే ఉన్నాడు. సీతను అడవిలో విడిచే ఘట్టంలో లక్ష్మణుడి వేషం వేసినాయన పద్యం ఎత్తుకున్నాడో లేదో, జనంలోంచి ఒక ఆడమనిషి: "గట్ల గాదు, కాంతారావు లెక్క ఏడువు!" ఇక నవ్వులే నవ్వులు. ఆయన పద్యం ఆపి, "కాంతారావుకి కారు ఉన్నదమ్మా, నేను పొద్దున నడిసి పోవాలె, ఏడిస్తే ఎట్ల" అని మళ్లీ అందుకున్నాడు. ఈసారి నిజంగానే ఏడ్చాడు. జనం గమ్మునైపోయారు, దగ్గే ఆయన కూడా.
అమ్మకి ఆ ఆడమనిషి గొంతు ఎవరిదో తెలిసింది, మా వీధి చివరి సాలోళ్ల అవ్వ అట. నాన్న గొంతు మాత్రం ఎక్కడా లేదు. రికార్డు అవుతుందని నోరు మూసుకుని కూర్చున్నట్టున్నాడు.

కోదాడ మనవరాలు
మా అమ్మమ్మకి వినిపించాలి ఇది. ఆమెకి ఇప్పుడు ఎనభై తొమ్మిది. దయచేసి ఎక్కించండి అన్నా.

రిటైర్డ్ సార్ (నకిరేకల్)
పద్యం గ్రాంథికంలో, జవాబు మన మాటలో. ఒకే నోట రెండూ. ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు చూడండి. నేను బడిలో ఇది చెప్పలేకపోయాను.

సుద్దాల దారి
ఆ మేళం ఎవరిదో చిరునామా ఏమైనా దొరుకుతుందా? మొదట్లో ఊరి పేరు చెప్పి దండం పెడతారు, అది వినండి.

కాల్వగట్టు (హాలియా)
మొదలు అందలేదు, నాన్న ఆట మధ్యలో నొక్కినట్టున్నాడు. చివర్లో చదివింపులు చెప్తారు కదా, అక్కడ పేర్లు ఉండొచ్చు. కానీ రెండో వైపు తిప్పితే పది నిమిషాలకే టేపు ముడతలు పడి ఆగింది. లాగలేదు, అట్లాగే తీసి డబ్బాలో పెట్టాను. జడ్చర్ల అన్నా, మీ దుకాణం అడ్రస్ మెసేజ్ పెట్టండి. పార్సిల్‌లో పంపను, ఆదివారం నేనే పట్టుకొస్తా.

జడ్చర్ల టేప్ మెకానిక్
ఆదివారం దుకాణం బంద్ ఉంటది. అయినా రండి, తెరుస్తా.