రివ్యూకు ఇచ్చిన వస్తువును పట్టుబట్టి వెనక్కు రాబట్టడం న్యాయమేనా?

స్పీకర్ల తయారీదారు, పీణ్య, బెంగళూరు:
పీణ్య పారిశ్రామికవాడలో బ్యాటరీతో నడిచే స్పీకర్లు తయారుచేసే చిన్న సంస్థ మాది. ఒక్కొక్కటి 28,000 రూపాయల వెల చేసే వాటిని సమీక్షకులకు మూడు వారాల గడువుతో పంపుతుంటాము. గడువు దాటాక కొందరు ఫోన్ ఎత్తరు, కొందరు "బహుమతిగా ఇచ్చారనుకున్నాము" అంటారు. ఇకపై వస్తువు పంపేముందే పూర్తి వెలకు సెక్యూరిటీ చెక్కు తీసుకుని, గడువు తప్పినవారికి లాయర్ నోటీసు ఇవ్వాలని నా ప్రతిపాదన. అలా చేస్తే మంచి సమీక్షకులెవరూ మన గడప తొక్కరని మా భాగస్వామి వాదన. మీ అభిప్రాయాలు తెలియజేయండి.

యూట్యూబ్ సమీక్షకుడు, మారతహళ్ళి:
చెక్కు అడగడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నానండి. నా చెక్కు మీ బీరువాలో ఉన్నంతకాలం, మీ స్పీకర్‌లో బేస్ పగిలినట్టు వినిపిస్తోందని చెప్పడానికి నేను జంకుతాను. చిన్న గీత పడినా దాన్ని సాకుగా చూపి చెక్కును బ్యాంకులో వేస్తారేమోనన్న భయం వెంటాడుతుంది. పైగా తిరిగి పంపడం మీరు అనుకున్నంత తేలిక కాదు. లిథియం బ్యాటరీ ఉందనగానే కొన్ని కొరియర్ కౌంటర్లలో పార్సిల్ తీసుకోరు, తీసుకున్నా రోడ్డు మార్గానే పంపుతామంటారు, ఆ ఖర్చు మా మీదే పడుతుంది. వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది మరొకటి ఉంది. పొగిడినవారిని నెలల తరబడి అడగకుండా, లోపాలు చెప్పినవారిని మాత్రం మర్నాడే వస్తువు పంపమని వెంటపడే సంస్థలు ఉన్నాయి. అటువంటి వసూలును న్యాయమని ఎలా అనగలం?

అకౌంటెంట్, జయనగర్:
ఆదాయపు పన్ను కోణం ఒకటి ఇక్కడ మరుగున పడుతోంది. 2022 జూలై 1న 194ఆర్ సెక్షన్‌గా అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, వ్యాపారంలోనో వృత్తిలోనో ఒకరికి ఏడాదిలో 20,000 రూపాయలకు మించి ప్రయోజనం అందిస్తే 10 శాతం టీడీఎస్ (ఇచ్చేవారే ముందుగా ప్రభుత్వానికి కట్టే పన్ను) జమచేయాలి. వాడి తిరిగి ఇచ్చిన వస్తువు ప్రయోజనం కాదనీ, ఉంచుకున్నది ప్రయోజనమేననీ పన్నుల బోర్డు ఆ ఏడాది జూన్‌లోనే వివరణ ఇచ్చింది. చిన్న వ్యక్తిగత వ్యాపారాలకు మినహాయింపు ఉన్నా, మొహమాటపడి వదిలేసిన స్పీకర్ ఉభయుల లెక్కల్లోనూ చిక్కు తెస్తుంది.

హెడ్‌ఫోన్ల వ్యాపారి, ఎస్.పి. రోడ్డు:
నోటీసులతో కాలయాపన ఎందుకు? నమ్మకద్రోహం కింద పోలీసు ఫిర్యాదు ఇస్తే వారంలో వస్తువు దానంతటదే వస్తుంది.

న్యాయవాది, మల్లేశ్వరం:
పోలీసు ఫిర్యాదు సలహాను దయచేసి పాటించవద్దు. భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నేరం నిలబడాలంటే, అప్పగించిన వస్తువును దురుద్దేశంతో సొంతానికి వాడుకున్నట్టో, అమ్ముకున్నట్టో చూపగలగాలి. గడువు దాటడం, బద్ధకించడం సివిల్ వివాదాలు. వీటికి 1872 నాటి కాంట్రాక్టు చట్టమే సరిపోతుంది. 160వ సెక్షన్ ప్రకారం గడువు ముగిసినా, పని పూర్తయినా, యజమాని అడిగినా అడగకపోయినా పుచ్చుకున్నవారే వస్తువును తిరిగి అప్పగించాలి. అలా అప్పగించకపోతే ఆ క్షణం నుంచి జరిగే నష్టానికి వారే బాధ్యులని 161వ సెక్షన్ చెబుతుంది. కనుక అడగడానికి తయారీదారు గారు మొహమాటపడనక్కరలేదు.

అయితే మారతహళ్ళి మిత్రుని బాధకూ చట్టంలో చోటుంది. ఉచితంగా వాడుకోవడానికి ఇచ్చినదాన్ని గడువుకు ముందే అడిగే హక్కు యజమానికి ఉన్నా, ఆ గడువును నమ్ముకుని పని మొదలుపెట్టిన వ్యక్తికి పొందిన లాభాన్ని మించి నష్టం వాటిల్లితే, ఆ తేడాను యజమాని భర్తీ చేయాలని 159వ సెక్షన్ అంటుంది. అలాగే సాధారణ వివేకం గల మనిషి తన సొంత వస్తువు పట్ల చూపేపాటి జాగ్రత్త తీసుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు, పడిన గీతకు సమీక్షకుడు బాధ్యుడు కాడు.

నా దృష్టిలో కచ్చితంగా వెనక్కు తీసుకోవడమే సమీక్షకు రక్ష. వస్తువు తనదైపోతుందని ఆశ ఉన్నవాడి మాటనూ, తిట్టగానే లాగేసుకుంటారని భయం ఉన్నవాడి మాటనూ కొనుగోలుదారు ఒకేలా అనుమానిస్తాడు. అందువల్ల తిరుగు తేదీ వస్తువు బయలుదేరేముందే కాగితం మీదకు రావాలి, సమీక్షలో తీర్పు ఏదైనా ఆ తేదీ మారకూడదు. డెలివరీ చలానులో "అమ్మకం కాదు, తిరిగి ఇవ్వవలసినది" అని సీరియల్ నంబరుతో సహా రాసి, అందుకున్నవారి సంతకం తీసుకుంటే, బహుమతి అనుకున్నామనే మాటకు తావుండదు. చెక్కు వద్దు. దానికంటే ఆ సంతకమే కోర్టులో ఎక్కువ పనికివస్తుంది.

స్పీకర్ల తయారీదారు:
చెక్కు ప్రతిపాదన విరమించుకుంటున్నాను. చలానులో తిరుగు తేదీ వేస్తాము, ఆ తేదీకి రివర్స్ పికప్ మా ఖర్చుతో మేమే పెడతాము, పెట్టె, ప్యాకింగ్ పారేయవద్దని ముందే చెబుతాము. కానీ రెండుసార్లు గుర్తుచేసినా బదులివ్వనివారికి నోటీసు తప్పదు. ఇద్దరు ముగ్గురి దగ్గర స్పీకర్లు ఆగిపోతే మాలాంటి సంస్థకు తర్వాతి సమీక్షకునికి పంపడానికి ఏమీ మిగలదు.

యూట్యూబ్ సమీక్షకుడు:
నోటీసుకు నాకు అభ్యంతరం లేదు. ఒక్క షరతు చేర్చండి: పికప్‌కు వచ్చిన మనిషి అక్కడికక్కడే స్పీకర్ ఫొటో తీసి, అందినట్టు రసీదు ఇవ్వాలి. దారిలో విరిగినదానికి నన్ను బాధ్యుణ్ణి చేయకుండా అదొక్కటీ రాసిస్తే, పంపిన రోజే చలాను మీద సంతకం పెడతాను.