విండోస్ 11 ఎక్కించాక సిస్టమ్ పడిపోతోంది, డంప్ ఫైల్ కూడా రావట్లేదు

ఆల్బమ్_డెస్క్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఎడిటింగ్ సిస్టమ్‌ని విండోస్ 10 నుంచి విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌కి మార్చినప్పటి నుంచి రోజూ క్రాష్ అవుతోంది. ఫార్మాట్ చేయలేదు. పాత ఫైళ్లూ సాఫ్ట్‌వేర్లూ ఉంచేసి పైనే అప్‌గ్రేడ్ చేశాను. ఇంకా వారం దాటలేదు.

కాన్ఫిగరేషన్: రైజెన్ 5 5600, బీ550 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 స్టిక్కులు రెండు (3200, ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆన్), 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల పవర్ సప్లై. డ్రైవ్ ఒక్కటే, 2 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ. దాన్నే సీ, డీ అని రెండు పార్టిషన్లు చేశాం.

కెమెరా కార్డు నుంచి ఫుటేజీ కాపీ చేసేటప్పుడో, వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడో తెరిచి ఉన్న ప్రోగ్రాములు ఒక్కొక్కటే నాట్ రెస్పాండింగ్ అవుతాయి. మౌస్ మాత్రం కదులుతూనే ఉంటుంది. కాసేపటికి 'క్రిటికల్ ప్రాసెస్ డైడ్' అని స్క్రీన్ వచ్చి, శాతం 0 దగ్గరే ఆగిపోతుంది. రీసెట్ బటన్ నొక్కితే ఒక్కోసారి బూట్ డివైస్ లేదంటూ నేరుగా బయాస్‌లోకి వెళ్తుంది. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే ఏమీ జరగనట్టు లేస్తుంది.

డీడీయూ అనే టూల్‌తో గ్రాఫిక్స్ డ్రైవర్ పూర్తిగా తీసి కొత్తది వేశాను. ర్యామ్ ఒక్కో స్టిక్ పెట్టి చూశాను. విండోస్ ఫైళ్లు సరిచూసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌లో తప్పులేమీ రాలేదు. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 తప్ప ఇంకేం కనబడలేదు, క్రాష్ వివరాల ఫైళ్లు (డంప్‌లు) పడే మినీడంప్ ఫోల్డర్ ఖాళీ. పవర్ అని రాస్తోంది కాబట్టి పవర్ సప్లై మార్చాలా? లేక మళ్లీ విండోస్ 10కే వెళ్లిపోవాలా?

ఫార్మాట్_బాబాయ్

పైన ఎక్కించిన అప్‌గ్రేడ్లు ఇంతేనండి. పెన్‌డ్రైవ్ చేసుకుని క్లీన్ ఇన్‌స్టాల్ కొట్టేయండి, గంటలో పని అయిపోతుంది.

కెర్నల్_కాఫీ

బాబాయ్ గారూ, ఒక్క నిమిషం. క్లీన్ ఇన్‌స్టాల్ చేసినా ఎక్కేది అదే 24హెచ్2, అదే డ్రైవ్ మీద. పైగా ఫార్మాట్ కొడితే వెనక్కి వెళ్లే దారి కూడా మూసుకుపోతుంది. కారణం తేలే వరకు ఆ మాట పక్కన పెడదాం.

ఆల్బమ్_డెస్క్ గారూ, ముందుగా మూడు పనులు చేసుకోండి.

కస్టమర్ల ఫుటేజీ ఇవాళే వేరే హార్డ్ డిస్క్‌లోకి తీయండి. ఒకేసారి మొత్తం కాపీ పెట్టకండి, 20–30 జీబీ చొప్పున ఫోల్డర్లుగా పంపండి. డ్రైవ్ మీద భారీగా పని పడినప్పుడే క్రాష్ అవుతోంది కాబట్టి మధ్యలో ఆగితే ఎక్కడ ఆగిందో తెలియాలి.

తర్వాత సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ బిట్‌లాకర్ గానీ (డ్రైవ్‌లోని డేటాకి వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుందిలే అని వదిలేయొద్దు, ఉన్నదో లేదో వేరే ఫోన్లోంచి తెరిచి చూడండి. రేపు బయాస్ అప్‌డేట్ చేయాల్సి వస్తే అది అడిగేది ఈ కీనే.

వెనక్కి వెళ్లే గడువు మామూలుగా 10 రోజులే. ఆ తర్వాత పాత విండోస్ ఉండే విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్‌ని సిస్టమే తుడిచేస్తుంది. గడువు పెంచుకోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇది కొట్టండి: డిస్మ్ /ఆన్‌లైన్ /సెట్-ఓఎస్అన్ఇన్‌స్టాల్‌విండో /వాల్యూ:60. (కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే.) 60 రోజులే గరిష్ఠం. ఈలోగా డిస్క్ క్లీనప్ నడిపి 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్' టిక్ పెట్టారంటే ఇక వెనక్కి వెళ్లలేరు.

విండోస్ 10కి వెళ్లడం తాత్కాలికంగా పనికొస్తుంది, కానీ దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే ఆగిపోయింది. ఇళ్లలో వాడే సిస్టమ్‌లకు ఇచ్చిన అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరినా అది 2026 అక్టోబర్ 13 వరకే.

మినీడంప్

పవర్ సప్లై కొనకండి. కెర్నల్-పవర్ 41 అనేది కారణం చెప్పే ఎంట్రీ కాదు. 'పోయినసారి నన్ను సరిగ్గా షట్‌డౌన్ చేయలేదు' అని సిస్టమ్ మళ్లీ లేచాక రాసుకునే మాట. కరెంటు పోయినా అదే రాస్తుంది, మీరు రీసెట్ నొక్కినా అదే రాస్తుంది. దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్‌కోడ్ (క్రాష్ రకం చెప్పే నంబర్) చూడండి. క్రాష్ స్క్రీన్ కళ్లారా చూశాక కూడా అక్కడ 0 ఉందంటే, క్రాష్ సమాచారాన్ని దాచుకోవడానికి విండోస్‌కి చోటు దొరకలేదన్నమాట.

మీ ప్రశ్నలో అసలు ఆధారం ఆ ఖాళీ ఫోల్డరే. క్రాష్ అయిన క్షణంలో విండోస్ మెమరీలో ఉన్నదాన్ని బూట్ డ్రైవ్‌లోని పేజ్‌ఫైల్‌లోకి (ర్యామ్‌కి తోడుగా డిస్క్‌లో ఉండే ఫైలు) రాస్తుంది. మళ్లీ లేచాక దాన్ని తీసి మినీడంప్‌గా పెడుతుంది. డ్రైవరో ర్యామో తప్పు చేస్తే సాధారణంగా ఈ రాత పూర్తవుతుంది, శాతం 100కి వెళ్తుంది. మీకు 0 దగ్గరే ఆగుతోంది. రాయాల్సిన డ్రైవే ఆ సమయానికి పలకడం లేదు.

మిగతా లక్షణాలూ దీనికే సరిపోతున్నాయి. మౌస్ కదలడానికి కావలసిందంతా ర్యామ్‌లో ఉంటుంది కాబట్టి అది నడుస్తుంది, డిస్క్ నుంచి ఏదైనా చదవాల్సిన ప్రతి ప్రోగ్రామూ ఎదురుచూస్తూ బిగుసుకుపోతుంది. చివరికి విండోస్ సొంత ప్రాసెస్‌కే పేజీ అందక చచ్చిపోతే వచ్చేది క్రిటికల్ ప్రాసెస్ డైడ్. రీసెట్ బటన్‌తో ఎం.2 స్లాట్‌కి (ఈ డ్రైవ్ కూర్చునే చోటు) కరెంటు ఆగదు. అందుకే డ్రైవ్‌ని నడిపే చిప్, అంటే కంట్రోలర్, బిగుసుకున్న స్థితిలోనే ఉండి బయాస్‌కి కనబడటం లేదు. స్విచ్ ఆపితే కంట్రోలర్ మొదటి నుంచి మొదలవుతుంది, డ్రైవ్ మళ్లీ ప్రత్యక్షం.

ఇప్పుడు ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ తెరిచి, ఫిల్టర్‌లో ఈ నంబర్లు ఇవ్వండి: 11, 51, 129, 153. సోర్స్ స్టోర్‌ఎన్‌వీఎంఈ (విండోస్‌లోని ఎన్‌వీఎంఈ డ్రైవర్) అని, 'డ్రైవర్ డిటెక్టెడ్ ఎ కంట్రోలర్ ఎర్రర్' అని 11 ఉందా? 'రీసెట్ టు డివైస్' అని 129 ఉందా? క్రాష్ అయిన నిమిషంలోనే వెతక్కండి, ఆ లాగ్ కూడా అదే డ్రైవ్‌లో ఉంటుంది కాబట్టి చివరి ఎంట్రీలు రాయబడకపోవచ్చు. కాసేపు బిగుసుకుని దానంతటదే తేరుకున్న సందర్భాలుంటాయి, ఆ సమయాల్లో చూడండి.

డ్రైవ్ మోడల్ నంబర్ పెట్టలేదు మీరు. కనీసం అది సొంత డీర్యామ్ ఉన్నదా లేనిదా చెప్పండి. విషయం దాని మీదే ఆధారపడి ఉంది.

ఆల్బమ్_డెస్క్

ధన్యవాదాలండి. బగ్‌చెక్‌కోడ్ 0. స్టోర్‌ఎన్‌వీఎంఈ 11 వరుసగా చాలా ఉన్నాయి, అన్నీ అప్‌గ్రేడ్ తర్వాతి తేదీలే. అంతకుముందు ఒక్కటీ లేదు. డ్రైవ్ డీర్యామ్ లేని రకమే. కానీ విండోస్ 10లో ఇదే డ్రైవ్ ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది కదా, మరి డ్రైవ్ పాడైందని ఎలా అనుకోవాలి?

మినీడంప్

పాడైందని నేననలేదండి. చాలావరకు అది బాగానే ఉంది.

ప్రతి ఎస్ఎస్‌డీకీ ఒక చిట్టా ఉంటుంది: ఏ డేటా ఏ చిప్‌లో ఎక్కడుందో చెప్పే మ్యాపింగ్ టేబుల్. ఖరీదైన డ్రైవ్‌లలో అది పెట్టుకోవడానికి సొంత డీర్యామ్ చిప్ ఉంటుంది. అది లేనివి మీ ర్యామ్‌లోంచే కొంత అరువు తీసుకుంటాయి. దీన్నే హోస్ట్ మెమరీ బఫర్, క్లుప్తంగా హెచ్ఎంబీ అంటారు. 24హెచ్2కి ముందు విండోస్ ఎంత అడిగినా 64 ఎంబీకి మించి ఇచ్చేది కాదు. 24హెచ్2 నుంచి డ్రైవ్ అడిగినంతా ఇవ్వడం మొదలైంది. కొన్ని 2 టీబీ మోడల్స్ అడిగేది 200 ఎంబీ. అంత ఇచ్చేసరికి వాటి ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్) తట్టుకోలేకపోయింది, ఎందుకంటే అప్పటిదాకా విండోస్ మీద దానికి అంత మెమరీ ఎప్పుడూ దక్కలేదు.

ఇది 2024 అక్టోబర్‌లోనే బయటపడింది. వెస్టర్న్ డిజిటల్, శాన్‌డిస్క్ 2 టీబీ మోడల్స్‌లో ఎస్ఎన్770, ఎస్ఎన్770ఎం, ఎస్ఎన్580, ఎస్ఎన్5000 పేర్లు వచ్చాయి, వాటికి సరిచేసిన ఫర్మ్‌వేర్ కూడా విడుదలైంది. మీది వీటిలో ఉన్నా వేరేదైనా పరీక్ష ఒకటే: హెచ్ఎంబీ ఆపి చూడటం.

రెజిస్ట్రీ ఎడిటర్ తెరవండి. హెచ్‌కీ లోకల్ మెషీన్ › సిస్టమ్ › కరెంట్‌కంట్రోల్‌సెట్ › కంట్రోల్ › స్టోర్‌పోర్ట్. అక్కడ కొత్తగా 32 బిట్ డీవర్డ్ చేసి, పేరు హెచ్ఎంబీఅలొకేషన్‌పాలసీ అని మధ్యలో ఖాళీ లేకుండా ఇవ్వండి, విలువ 0. మార్చేముందు స్టోర్‌పోర్ట్ కీ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ తీసి పెట్టుకోండి. తర్వాత రీస్టార్ట్ కొట్టండి, షట్‌డౌన్ కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసి ఆన్ చేసినా కెర్నల్ పాతదే తిరిగి వస్తుంది.

ఆ తర్వాత అదే పని పెట్టండి: కెమెరా కార్డు కాపీ, దాంతోపాటు ఎక్స్‌పోర్ట్. 11, 129 కొత్తగా పడకపోతే దొంగ దొరికినట్టే. హెచ్ఎంబీ ఆపితే పెద్ద ఫైళ్ల కాపీలో తేడా పెద్దగా తెలియదు. చిన్న ఫైళ్లు వేలకొద్దీ ఉన్న ఫోల్డర్లలో, ప్రాజెక్టు క్యాష్‌లో కొంచెం నెమ్మది కనబడొచ్చు. అందుకే దీన్ని శాశ్వత మందు అనుకోవద్దు, అసలు మందు ఫర్మ్‌వేర్.

ఓరుగల్లు_పీసీ

మినీడంప్ అన్న చెప్పింది పక్కా. కాని ఈ థ్రెడ్ చూసేటోళ్లందరికి ఇదే సమస్య ఉండది గద, అందుకే నాలుగు ముక్కలు.

డంప్ పడుతుంటే దారి వేరే. సీ డ్రైవ్‌ల విండోస్ కింద మినీడంప్ ఫోల్డర్ నుంచి ఫైలు తీసి విన్‌డీబీజీల (మైక్రోసాఫ్ట్ డీబగ్గర్) తెరిచి '!అనలైజ్ -వీ' కొట్టున్రి, మాడ్యూల్ నేమ్ దగ్గర ఏ ఫైలు పేరు వస్తున్నదో చూడున్రి. 11వ తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లల్ల ఇంటెల్ స్మార్ట్ సౌండ్ డ్రైవర్ 10.29.0.5152 గాని 10.30.0.5152 గాని ఉంటే బ్లూ స్క్రీన్ వచ్చుడు తెలిసిన ముచ్చటే, చివర 5714 గాని ఆపైన గాని ఉన్న వెర్షన్ ఎక్కియ్యాలె. డీటీపీ, అకౌంటింగ్ సెంటర్లల్ల డాంగిల్ లాక్ (యూఎస్‌బీ తాళం) పెట్టి వాడే పాత సాఫ్ట్‌వేర్లుంటయి, ఆ డాంగిల్ డ్రైవర్ ఏండ్ల కిందటిదైతే కొత్త విండోస్‌ల గొడవ చేస్తది. సెక్యూరిటీల కోర్ ఐసొలేషన్ తెరిస్తే సరిపడని డ్రైవర్ల పేర్లు అదే చూపిస్తది.

సేఫ్ మోడ్‌ల గంట సేపు పని చేయించి చూసుడు తేలికైన జల్లెడ. షిఫ్ట్ పట్టుకొని రీస్టార్ట్, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, ఆఖరికి 4. ఆడ నిలబడి మామూలు మోడ్‌ల పడిపోతుంటే బయటి డ్రైవర్ మీద అనుమానం. సేఫ్ మోడ్‌ల గూడ పడిపోతే ర్యామ్, డ్రైవ్, బోర్డు. ర్యామ్‌కు ఒక్కో స్టిక్ తీసి చూసుడు సరిపోదు, ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసి మెమ్‌టెస్ట్86 ప్లస్ రాత్రంతా తిప్పాలె. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్ పనికిరాదు.

ఆల్బమ్_డెస్క్

హెచ్ఎంబీ ఆపాక 300 జీబీ దాకా కాపీ, పక్కనే ఎక్స్‌పోర్ట్ నడిపించాను. స్టోర్‌ఎన్‌వీఎంఈ ఎంట్రీ ఒక్కటీ కొత్తగా రాలేదు, క్రాష్ లేదు. కంపెనీ సైట్లో కొత్త ఫర్మ్‌వేర్ కనబడుతోంది. విండోస్ ఉన్న డ్రైవ్‌కే వేయొచ్చా? డేటా పోతుందా?

కెర్నల్_కాఫీ

వేయొచ్చు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ డేటాని తాకదు, కానీ మధ్యలో కరెంటు పోతే డ్రైవ్ మళ్లీ లేవకపోవచ్చు. బ్యాకప్ పూర్తయ్యాకే, యూపీఎస్ మీదే చేయండి. ఇన్వర్టర్ ఉందిలే అనుకోకండి, కొన్ని ఇన్వర్టర్లు మారే క్షణంలో సిస్టమ్ రీస్టార్ట్ అయిపోతుంది. బిట్‌లాకర్ ఉంటే ముందు సస్పెండ్ చేయండి. డ్రైవ్ తయారీదారు సొంత డ్యాష్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్ నుంచే వేయాలి, బయటి సైట్లలో దొరికే ఫైళ్లు ముట్టుకోవద్దు. అయ్యాక పూర్తిగా షట్‌డౌన్ చేసి, వెనక స్విచ్ ఆపి, అరనిమిషం ఆగి ఆన్ చేయండి. డ్యాష్‌బోర్డ్‌లో కొత్త వెర్షన్ నంబర్ కనబడితేనే ఎక్కినట్టు.

అప్పుడు ఆ రెజిస్ట్రీ విలువ తీసేసి, రీస్టార్ట్ చేసి, మళ్లీ అదే కాపీ పరీక్ష పెట్టండి.

ఇన్నిసార్లు మధ్యలో ఆగిపోయింది కాబట్టి ఫైల్ సిస్టమ్ కూడా చూసుకోవాలి. అడ్మినిస్ట్రేటర్ ప్రాంప్ట్‌లో ముందు 'సీహెచ్‌కేడీఎస్‌కే సీ: /ఎఫ్' (చెక్‌డిస్క్), రీస్టార్ట్. తర్వాత 'డిస్మ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రీస్టోర్‌హెల్త్'. అది పూర్తయ్యాక 'ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ'. ఈ వరస మార్చకండి: ఎస్ఎఫ్‌సీ మంచి ఫైళ్లు తెచ్చుకునే గోదాం సరిచేసేది డిస్మ్.

మినీడంప్

ఒకవేళ ఫర్మ్‌వేర్ తర్వాత కూడా 129లు వస్తే ఇవి చూడండి. పవర్ ఆప్షన్స్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ ఆఫ్. డ్రైవ్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో టూల్‌లో మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్ 0 ఉండాలి. అన్‌సేఫ్ షట్‌డౌన్స్ పెరిగి ఉంటుంది, దానికి కంగారు పడొద్దు. కాపీ నడిచేటప్పుడు వేడి 70 డిగ్రీలు దాటుతుంటే హీట్‌సింక్ వేయండి, థర్మల్ ప్యాడ్ మీది ప్లాస్టిక్ పొర తీశారో లేదో కూడా చూడండి.

మీ బోర్డులో ఇంకో సౌకర్యం ఉంది. బీ550లో మొదటి ఎం.2 స్లాట్ నేరుగా ప్రాసెసర్‌కి, 4వ తరం వేగంతో. రెండోది సాధారణంగా చిప్‌సెట్ ద్వారా 3వ తరం వేగంతో. డ్రైవ్‌ని రెండో స్లాట్‌కి మార్చితే నిలబడుతోందంటే తేడా లింక్‌లో ఉంది, బయాస్ అప్‌డేట్ చేసి చూడాలి. రెండు చోట్లా పడిపోతే ఈవెంట్ లాగ్ స్క్రీన్‌షాట్లతో వారంటీకి పంపండి.

ఆల్బమ్_డెస్క్

ఫర్మ్‌వేర్ ఎక్కింది. రెజిస్ట్రీ విలువ తీసేసి అదే కాపీ మళ్లీ పెట్టాను, 11 గానీ 129 గానీ లేవు. చెక్‌డిస్క్ కొన్ని ఇండెక్స్ ఎంట్రీలు సరిచేసింది, డిస్మ్, ఎస్ఎఫ్‌సీ శుభ్రం. విండోస్ డాట్ ఓల్డ్ 30 జీబీ దాకా ఉంది, ఇప్పుడు తీసేయొచ్చా?

కెర్నల్_కాఫీ

ఒక పెద్ద ప్రాజెక్టు మొదలు నుంచి చివరి దాకా నడిచాక తీయండి. ఎక్స్‌ప్లోరర్‌లో డిలీట్ కొడితే పర్మిషన్ల దగ్గర ఆగిపోతుంది. సెట్టింగ్స్ › సిస్టమ్ › స్టోరేజ్ › టెంపరరీ ఫైల్స్‌లో 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్' ఒక్కదానికే టిక్ పెట్టండి. ఆ లిస్టులో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఉంటుంది, దానికి టిక్ లేదని చూసుకుని నొక్కండి.