ఇంటి నుంచి పనిచేసే ఫార్మసిస్టు ఫార్మసిస్టేనా?

వనస్థలిపురం నుంచి

ఫార్మ్‌డి చదివాను. నాలుగేళ్లుగా ఫార్మకోవిజిలెన్స్‌లో, అంటే మందుల వల్ల కలిగే హానిని గమనించి నివేదించే పనిలో ఉన్నాను, అందులో మూడేళ్లు ఇంటి నుంచే. మొన్న ఒక పెళ్లిలో మా పెద్దనాన్నగారు "ఆరేళ్లు మందుల చదువు చదివింది, ఇప్పటిదాకా ఒక్కరికి ఒక్క మాత్ర ఇచ్చింది లేదు" అని నలుగురిలో అన్నారు. సరిగ్గా అదే వారం, వచ్చే నెల నుంచి వారానికి మూడు రోజులు రాయదుర్గం ఆఫీసుకు రావాలని కంపెనీ చెప్పింది. అందుకే అడుగుతున్నాను: ఈ పని ఇంటి నుంచి చేయడం మంచిదా, కాదా? మంచిదనే నా వాదన.

నేను చేసేది ఇది. ఎవరికో మందు వికటిస్తుంది. ఆ సంగతి మాకు అందిన రోజు సున్నా రోజు. తీవ్రమైన కేసయితే చాలావరకు 15 రోజుల్లో నియంత్రణ సంస్థకు నివేదిక చేరాలి. రోగి, సంగతి తెలిపిన వ్యక్తి, అనుమానం ఉన్న మందు, జరిగిన హాని: ఈ నాలుగింటిలో ఒకటి లేకపోయినా కేసు నిలబడదు. "ఒళ్లంతా చీమలు పాకినట్టుంది" అని రోగి అంటే దాన్ని మెడ్‌డ్రా అనే వైద్య పదాల నిఘంటువులోని సరైన పదానికి చేర్చాలి. దానికి నిశ్శబ్దం కావాలి. పక్క బల్ల మీద పుట్టినరోజు కేకు కోస్తుంటే ఇక్కడ మందు మొదలుపెట్టిన తేదీ తారుమారవుతుంది. అయింది కూడా, నా చేతుల మీదుగానే.

ఇక ప్రయాణం. ఎల్బీనగర్ దాకా బస్సు, అక్కడ మెట్రో, అమీర్‌పేటలో మారి రాయదుర్గం. రానూ పోనూ మూడు గంటలు. ఇప్పుడు ఆ మూడు గంటల్లో ఒకటి మా అమ్మాయిది, ఒకటి చదువుకు, ఒకటి నిద్రకు.

కోఠి కౌంటరు

అమ్మా, తప్పుగా అనుకోవద్దు. మీ పని మంచిదే. అది ఫార్మసిస్టు పనేనా అన్నదే నా సందేహం. పంతొమ్మిదేళ్లుగా కౌంటరు వెనక నిలబడుతున్నాను.

ఒక సంగతి చెబుతాను. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడే పెద్దావిడ ఒకరు మా దుకాణానికి వచ్చేవారు. వారానికి ఒక మాత్ర, తోడుగా ఫోలిక్ యాసిడ్. పది మాత్రల అట్ట ఇస్తే పది వారాలు రావాలి. ఆవిడ పదకొండో రోజునే మళ్లీ వచ్చి అదే అట్ట అడిగారు. నేను డాక్టరు చీటీ చూడలేదు, ముఖం చూశాను. పెదవి పగిలి ఉంది, మాట సరిగ్గా రావడం లేదు. నోరు తెరవమంటే లోపలంతా పుండ్లు. రెండూ పసుపు రంగు చిన్న మాత్రలే కావడంతో, రోజూ వేసుకోవాల్సినదాన్ని వారానికి, వారానికి వేసుకోవాల్సినదాన్ని రోజూ వేసుకున్నారు. మందు ఇవ్వకుండా ఆటో పిలిచి ఆసుపత్రికి పంపాను. బతికారు.

ఇంట్లో కూర్చున్నవారికి ఆ పెదవి కనిపించేదా?

గోడమీది బల్లి

దూరం నుంచి పనిచేయడం మన ఫార్మసిస్టులకు కొత్తా? ఫార్మసిస్టు సర్టిఫికెట్ మందుల దుకాణం గోడ మీద, ఆ ఫార్మసిస్టు వేరే జిల్లాలో, సర్టిఫికెట్‌కు నెలనెలా అద్దె ఆయన ఖాతాలో. గోడ మీది ఫొటో తప్ప మనిషిని చూడని దుకాణాలు నాకు మూడు తెలుసు. ఈ పద్ధతి ఇంటర్నెట్ కన్నా పాతది.

కోఠి కౌంటరు

బల్లిగారూ, అందరినీ ఒకే గాటన కట్టకండి. నా సర్టిఫికెట్ గోడ మీద ఉంది, దాని కిందే నేనూ ఉన్నాను.

పాత ఫైళ్లు

రెండు వేర్వేరు పనులను కలిపి మాట్లాడుతున్నారు. చీటీ మీద ఇచ్చే మందును రిజిస్టరయిన ఫార్మసిస్టు స్వయంగా ఇవ్వాలి, లేదా ఆయన స్వీయ పర్యవేక్షణలో ఇవ్వాలి. 1945 ఔషధ నిబంధనల్లో 65వది అదే చెబుతుంది. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ కూడా రిజిస్టర్డ్ ఫార్మసిస్టు కానివారు చీటీ మీద మందులివ్వకూడదంటుంది. కెమెరాలో చూస్తూ ఉంటే అది స్వీయ పర్యవేక్షణ అవుతుందని వాదించేవారిని చూశాను, నాకైతే ఆ ధైర్యం లేదు. 2020 మార్చిలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి కదా అంటారేమో, అవి డాక్టర్లకు.

కేసుల పరిశీలన, వైద్య రచన, అనుమతుల దస్తావేజులు వేరు. అక్కడ మందు చేతులు మారదు. ఆ పని ఇంటి నుంచి చేయకూడదనే చట్టమేదీ నా కంటపడలేదు.

ఆఖరి సంవత్సరం

అన్నా, అక్కా, నాకొక సందేహం. ఇక్కడ కూర్చునే అమెరికా ఆసుపత్రుల మందుల ఆర్డర్లు సరిచూసే ఉద్యోగం ఇప్పిస్తామని ఒకరు శిక్షణకు డబ్బు అడుగుతున్నారు. బి.ఫార్మసీ చాలంటున్నారు. నమ్మవచ్చా?

వార్డు మెట్లు

తమ్ముడూ, డబ్బు కట్టవద్దు. రాత్రివేళ ఫార్మసిస్టు లేని చిన్న ఆసుపత్రుల ఆర్డర్లను దూరం నుంచి సరిచూసే పని అమెరికాలో ఉన్నమాట నిజమే. కానీ దానికి అక్కడి రాష్ట్రం లైసెన్సు కావాలి. విదేశీ చదువుతో ఆ దారిన వెళ్లాలంటే ముందు ఎఫ్‌పీజీఈసీ అనే, విదేశాల్లో ఫార్మసీ చదివినవారికి అక్కడ ఇచ్చే ధ్రువపత్రం పొందాలి. 2003 జనవరి 1 తర్వాత డిగ్రీ తీసుకున్నవారికి కనీసం అయిదేళ్ల కోర్సు ఉండాలని వారి షరతు. నాలుగేళ్ల బి.ఫార్మసీ దగ్గరే దారి ఆగిపోతుంది. నిన్ను డబ్బు అడిగినవారికి ఇది తెలియకపోదు.

అసలు చర్చకు వస్తే, నేను ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టును, ఇంటి నుంచి పనిచేసే అవకాశం లేనిదాన్ని. అయినా వనస్థలిపురం మేడంగారి వైపే ఉన్నాను, ఒక మెలికతో. ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో వార్డులో నేర్పుతాం. రోగి తల ఊపుతారు. ఇంటికెళ్లాక మూత తీయకుండానే నొక్కినవారూ ఉన్నారు! డిశ్చార్జి అయిన నాలుగో రోజు వీడియో కాల్ చేసి "ఒక్కసారి చేసి చూపించండి" అంటే తప్పు బయటపడుతుంది. ఆ కాల్‌లో మంచం పక్కన పెట్టిన పాత మందుల డబ్బా కూడా కనిపిస్తుంది, అందులో ఆరు నెలల కిందట డాక్టరు ఆపేసిన మాత్రలతో సహా. కౌంటరు దగ్గర ఆ డబ్బా ఎప్పటికీ కనిపించదు. కోఠి అన్నగారు పెదవి చూశారు, నేను డబ్బా చూశాను.

మెలిక ఏమిటంటే, ఆ కాల్‌లో ఏమి వెతకాలో నాకు నేర్పింది వార్డే. కొత్తగా చదువు ముగించినవారిని మొదటి రోజు నుంచే ఇంట్లో కూర్చోబెట్టడం నాకు నచ్చదు. రెండేళ్లు రోగుల మధ్య తిరగనివ్వండి.

వనస్థలిపురం నుంచి

ఒప్పుకుంటున్నాను. ఇంటర్న్‌షిప్ ఏడాది లేకపోతే నాకు రోగి మాట వెనక జబ్బు వినిపించేది కాదు. ఇంటి నుంచి పనిచేయడంలో నష్టం మరొకటి కూడా ఉంది, మొదట రాయలేదు. సందేహం వస్తే పక్కకు తిరిగి అడగడానికి ఎవరూ ఉండరు. సందేశం పంపి జవాబు కోసం చూస్తూ కూర్చుంటాం. రోగుల వివరాలు కాబట్టి తలుపు వేసుకునే పనిచేయాలి. తలుపు అవతల అమ్మాయి, ఇవతల నేను.

కోఠి అన్నయ్యగారూ, మీరు చెప్పిన పెద్దావిడ సంగతి ఎవరికైనా తెలియజేశారా?

కోఠి కౌంటరు

డాక్టరుకు ఫోన్ చేశాను. ఇంకెవరికి చెప్పాలి?

వనస్థలిపురం నుంచి

మన దేశంలో 2010 నుంచి ఔషధ భద్రతా కార్యక్రమం ఉంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. 1800-180-3024కు డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు. రోగులు సొంతంగా నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. మీరు చూసిన పెదవి అక్కడికి చేరకపోతే నాలాంటివారికి తెలియనే తెలియదు. ఇంట్లో కూర్చున్నా, రాయదుర్గంలో కూర్చున్నా.

గోడమీది బల్లి

ఇంతకీ వచ్చే నెల వెళుతున్నారా, లేదా?

వనస్థలిపురం నుంచి

మూడు రోజులకు బదులు ఒకటే అడిగాను, కొత్తవారికి నేర్పే రోజు. జవాబు రాలేదు.

కోఠి కౌంటరు

నంబరు రాసుకున్నాను. ఆవిడ వచ్చింది పోయిన ఏడాది శ్రావణంలో. బిల్లు దొరుకుతుంది, బ్యాచ్ నంబరు అందులోనే ఉంటుంది. ఇంత ఆలస్యంగా చెప్పినా తీసుకుంటారా అమ్మా?

వనస్థలిపురం నుంచి

తీసుకుంటారు. బిల్లు దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి. మందు మొదలుపెట్టిన తేదీ అడుగుతారు, ఆవిడనే అడిగి చెప్పండి.